కర్ర తాకింది, గేటు మూసుకోలేదు: ట్రెయిల్ క్లాసు మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ట్రెయిల్ క్లాసు గురించే. డాలస్ పైన ఉన్న ఊళ్ళలో మన పిల్లలు గుర్రమెక్కుతున్నారని తెలుసు గానీ, ఇంతమంది పోటీల దాకా వెళ్ళారని నాకూ తెలీదు. ఆ పేరే వినని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పశువుల రాంచ్‌లో పని చేసేవాడు జీను దిగకుండానే దొడ్డి గేటు తీసి, దాటి, మళ్ళీ మూయాలి. వాగు మీది చెక్క వంతెన దాటాలి. పడిపోయిన మానుల మీదుగా గుర్రాన్ని నడిపించాలి. ఇరుకులో చిక్కుకుంటే వెనక్కి రావాలి. ఆ పనులన్నీ ఒక అరీనాలో వరసగా పేర్చి, నడక, జాగ్ (చిన్న అంగల దుడుకు నడక), లోప్ (నెమ్మదైన పరుగు) మూడు గతుల్లోనూ చేయిస్తే అదే ట్రెయిల్ క్లాసు. అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ నియమాల్లో కనీసం ఆరు అడ్డంకులు ఉండాలి. వాటిలో గేటు, గుర్రం దాటాల్సిన కనీసం నాలుగు కర్రలు, వెనక్కి నడిచే అడ్డంకి తప్పనిసరి. ఈ నెల నేను చెప్పే పోటీ అంకెలన్నీ ఆ సంఘం నియమాలవే. రూల్ పుస్తకం ఏటా కొత్తది వస్తుంది, పోటీకి ముందు తాజా ప్రతి తిరగేయండి.

ఇక ఉత్తరాలు.

అక్కా, మా పాపకి పదమూడేళ్ళు. మొన్న పోటీలో తన గుర్రం ఒక్క కర్రనీ తాకలేదు. 66 వచ్చింది. తరవాత వెళ్ళిన అమ్మాయి గుర్రం రెండుసార్లు తాకింది, టక్కుమన్న చప్పుడు బెంచీల్లో కూర్చున్న నాక్కూడా వినపడింది. ఆ పిల్లకి 72. ఇదేం లెక్క? ఇంటికొచ్చేదాకా కార్లో ఏడుస్తూనే ఉంది.
— ఒక తండ్రి, ఫ్రిస్కో

ఎంసెట్ రాసొచ్చిన తండ్రులందరికీ ఈ అనుమానం వస్తుంది తమ్ముడూ. 66 అంటే నూటికి అరవై ఆరు కాదు. ఇక్కడ ప్రతి గుర్రమూ 70తో మొదలవుతుంది. ప్రతి అడ్డంకికీ జడ్జి ఒక విలువ ఇస్తాడు: సరిగ్గా చేస్తే 0, బాగుంటే +½, ఇంకా బాగుంటే +1, అద్భుతమైతే +1½. అలాగే కిందికి −1½ దాకా. ఇవి కాక పెనాల్టీలు వేరే కాలమ్‌లో పడతాయి. కర్రని అలా తగిలి తగలనట్టు తాకితే (దీన్నే టిక్ అంటారు) ½. గట్టిగా కొట్టినా, కర్ర మీద కాలు వేసినా 1.

పాప మార్కుల షీటు నేను చూడలేదు గానీ లెక్క ఇలా నడిచి ఉండొచ్చు. ఎనిమిది అడ్డంకులనుకోండి. ఆరింటికి −½ చొప్పున పడితే మూడు పోయాయి. జాగ్ చేస్తూ ఒకటి రెండు అంగలు నడకలోకి దిగితే ఇంకొకటి. 66. అవతలి పిల్లకి ఆరింటికి +½ వస్తే మూడు కలిశాయి, రెండు టిక్కులకి ఒకటి పోయింది. 72.

మరి తాకకుండా చేసిన గుర్రానికి −½ ఎందుకు? కర్ర తాకకుండా ఉండటానికి గుర్రాలు రెండు పనులు చేస్తాయి. ఒకటి, తల దించి చూసుకుని, తన కాళ్ళు తనే సర్దుకుని, అదే లయలో దాటిపోవడం. రెండోది, పైనున్న పిల్ల ప్రతి కర్ర ముందూ పగ్గం లాగి తల పైకెత్తి పట్టుకుంటే భయం భయంగా ఒక్కో కాలూ ఎత్తెత్తి వేయడం. రెండూ తాకవు. జడ్జి మొదటిదానికే మార్కులు వేస్తాడు. తన దారి తను చూసుకునే గుర్రం ఆయనకి కావాలి, పగ్గం వదులుగా ఉండాలి, చెవులు ముందుకుండాలి. వీడియో తీసి ఉంటారు కదా, చప్పుడు ఆపేసి పాప చేతుల్ని మాత్రం చూడండి. క్లాసు అయ్యాక షీట్లు బయట పెడతారు, ఈసారి ఫోన్లో ఫోటో తీసుకోండి. ఏ అడ్డంకి కింద మైనస్ పడిందో తెలియకుండా ఇంటి దగ్గర సాధన చేయడం దండగ.

మేడమ్, తొమ్మిదేళ్ళ గెల్డింగ్‌ని (విత్తు కొట్టిన మగగుర్రాన్ని) కొన్నాం. అమ్మినావిడ చూపించినప్పుడు గేటు వెన్నలా తీసి మూశాడు. మా దగ్గరకొచ్చాక గడియ దగ్గరికి రాగానే పిర్రలు అవతలకి తిప్పేస్తున్నాడు. మా అమ్మాయి వంగి అందుకోబోతుంది, వాడు జరుగుతాడు, చెయ్యి జారుతుంది. ప్రతి పోటీలో గేటు వదిలేసినందుకు 5 పోతున్నాయి. ట్రెయినర్ స్పర్లు (బూటు మడమకి కట్టే ముళ్ళు) పెట్టమంటున్నారు.
— ఒక తల్లి, ప్రాస్పర్

స్పర్లు వద్దమ్మా. మీ గుర్రం చెప్పినట్టే చేస్తున్నాడు.

గేటు కుడి వైపుందనుకోండి. అమ్మాయి గడియ కోసం కుడికి వంగుతుంది. పిల్ల చెయ్యి ఎంత పొడుగుంటుంది? పడిపోకుండా ఉండటానికి కుడి పిక్క గుర్రం డొక్కకి అదుముకుంటుంది. ఆ గుర్రానికి ఇన్నేళ్ళుగా కుడి కాలు అదిమితే ఎడమకి జరగమనే నేర్పారు. జరుగుతాడు. పాత యజమాని పొడగరి అయ్యుంటుంది, వంగాల్సిన అవసరమే ఉండదు. ఇప్పుడు స్పర్ పెట్టారనుకోండి, వంగిన ప్రతిసారీ అదే చోట పొడుస్తుంది, వాడు ఇంకా దూరం పోతాడు.

కాబట్టి పిల్లని గేటు దగ్గరికి వంచకండి, గుర్రాన్ని గేటు దగ్గరికి తేవాలి. రికాబు దాదాపు గేటుకి రాసుకునేంత దగ్గరగా. అది వాడికి ఇష్టమైన చోటు అయితే తప్ప రాడు. మొదట కొన్నాళ్ళు గేటు ముట్టుకోనేవద్దు. అరీనాలో జాగ్, గుండ్రాలు, ఆగడాలు, కాస్త చెమట పట్టే పని చేయించి, గేటు పక్కకి తెచ్చి, దానికి సమాంతరంగా ఆపి, పగ్గం వదిలేసి ఊరుకోవాలి. వాడు నిట్టూర్చి వెనక కాలు ఒకటి మడిచి నిలబడేదాకా. తరవాత ముందుకు నడిపించుకుని పోవాలి. మళ్ళీ పని. మళ్ళీ గేటు దగ్గర విశ్రాంతి. పిర్ర అవతలకి తిప్పితే తిట్టొద్దు. ఎడమ కాలు జీను పట్టీకి కాస్త వెనకగా ఆనించి ఆ పిర్రని వెనక్కి అడగాలి. ఒక్క కాలు గేటు వైపు వేశాడా, ఆ క్షణంలో అమ్మాయి కాలు తీసెయ్యాలి. ఆలస్యమైతే ఏ పనికి బహుమానం వచ్చిందో వాడికి అర్థం కాదు. గుర్రానికి నేర్పేది ఒత్తిడి కాదు, ఒత్తిడి తీసిన క్షణమే నేర్పుతుంది.

నిలబడటం కుదిరాక చెయ్యి గేటు పై కమ్మీ మీద వేసి తీయడం. గడియ గలగలలాడించి ఊరుకోవడం. జానెడు తెరిచి మూయడం. మూయడమే ముందు బాగా రావాలి, ఎందుకంటే పోటీల్లో పిల్లలు తెరవడానికి బోలెడు ఓపిక చూపించి, మూసేటప్పుడు తొందరపడి చెయ్యి వదిలేస్తారు.

ఇంకో సంగతి. గేటు అనేది ఒక పని కాదు, ఐదు పనులు: ఆగి నిలబడటం, ఒక అడుగు వెనక్కి, ఒక అడుగు ముందుకి, ముందు కాళ్ళ చుట్టూ పిర్ర తిప్పడం, అడ్డంగా పక్కకి నడవడం. ఈ ఐదూ గేటుకి దూరంగా, ఖాళీ మైదానంలో, ఎప్పుడడిగితే అప్పుడు ఒక్కొక్క అడుగు చొప్పున వస్తే, గేటు తనంతట తనే వచ్చేస్తుంది. ఏదో ఒకటి రాకపోతే మీరు గేటు దగ్గర నెల్లాళ్ళు కుస్తీ పట్టినా అక్కడే తేలుతుంది. రెండు స్తంభాల మధ్య ఒక తాడు కట్టి దాన్నే గేటనుకుని మొదలుపెట్టొచ్చు. తాడు గుర్రాన్ని కొట్టదు, మోకాలికి తగలదు. పోటీల్లోనూ చాలాచోట్ల తాడు గేటే ఉంటుంది.

అక్కా, ముప్పై ఎనిమిదో ఏట గుర్రమెక్కడం నేర్చుకున్నాను, నవ్వకండి. నడిచేటప్పుడు కర్రలు బాగానే దాటుతుంది. జాగ్‌లో ముందు గిట్టలు, లోప్‌లో వెనక గిట్టలు తగులుతున్నాయి. కర్రల మధ్య దూరం ఎంత పెట్టాలి? మా శాలలో ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.
— ఒక పాఠకురాలు, ఆబ్రీ

నవ్వడమెందుకమ్మా, చెప్పింది వినే వయసులో నేర్చుకుంటున్నారు.

ముందు టేపు కొనండి. అడుగులతో కొలిచి పెట్టేవాళ్ళని నమ్మొద్దు, నాతో సహా. నియమాల ప్రకారం నడకకి కర్రల మధ్య 20 నుంచి 24 అంగుళాలు. జాగ్‌కి 3 అడుగుల నుంచి 3 అడుగుల 6 అంగుళాలు. లోప్‌కి 6 నుంచి 7 అడుగులు. విసనకర్రలా పరిస్తే లోపలి అంచు దగ్గర ఇరుకు, బయట వెడల్పు ఉంటుంది. అంగ చిన్నదైన గుర్రాన్ని కాస్త లోపలగా, పెద్దదైతే బయటగా పట్టుకెళ్ళాలి. అడ్డంకుల వరస గీసిన కోర్సు కాగితం కనీసం ఒక గంట ముందు పెడతారు. చాలామంది మలుపులు బట్టీ పట్టడానికే ఆ గంటంతా ఖర్చు పెడతారు. నన్నడిగితే ప్రతి కర్రా ఏ చోట దాటబోతున్నారో అది తేల్చుకోవడానికి సగం సమయం పెట్టండి.

ఇక తగలడం సంగతి. ముందు గిట్టలు తగిలితే నేను ముందు రౌతు కళ్ళు చూస్తాను. మీరు కర్ర వైపు కిందికి చూస్తుంటారు. తల వంగితే భుజాలు వంగుతాయి, మీ బరువంతా గుర్రం ముందు కాళ్ళ మీద పడుతుంది, సరిగ్గా ఆ కాళ్ళే ఎత్తాల్సిన వేళకి. చివరి కర్ర అవతల ఒక కంచె గుంజని ఎంచుకుని దాన్నే చూస్తూ వెళ్ళండి. ఇంకో కారణం పగ్గం. గుర్రానికి నుదుటి ముందర, ముక్కు కింద కనపడని చోటు ఉంటుంది. కళ్ళు పక్కలకి ఉండటంతో చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది గానీ, తన ముట్టె కిందున్నది మాత్రం కనపడదు. కర్రని దూరం నుంచే చూసి, గుర్తుపెట్టుకుని దాటుతుంది. దగ్గరికొచ్చాక చూడ్డానికి తల దించుతుంటే, మీరు పగ్గం బిగిస్తే, ఆ చూపు కూడా పోతుంది.

మా తాత రాజమండ్రిలో జట్కా తోలేవాడు. ఆయన గుర్రం కళ్ళకి పక్కల గంతలుండేవి, వెనకనుంచి వచ్చే లారీ చూసి బెదరకుండా. ఇక్కడికొచ్చి ట్రెయిల్ గుర్రాలు చూశాక ఆ పద్ధతికి పూర్తి తలకిందులుగా అనిపించింది. ఇక్కడ గుర్రం అన్నీ చూడాలి, చూసి కూడా నెమ్మదిగా ఉండాలి.

లోప్‌లో వెనక గిట్టలు తగలడం వేరే జబ్బు. ముందు కాళ్ళు దాటగానే అయిపోయిందనుకుని మీరు జీనులో కూలబడిపోతుంటారు. వీపు మీద బరువు దిగితే వెనక భాగం పైకి లేవదు. గుర్రం మొత్తం దాటేదాకా నడుముతో దాని లయలోనే ఉండండి. ఇదీ కాకపోతే లాడాలు చూడండి. గిట్టలు పెరిగిపోయి, లాడం వేసేవాడు రావాల్సిన వేళ దాటిపోయి ఉంటే, ఎంత మంచి గుర్రమైనా తన్నుకుంటుంది. అదీ కాదంటే వెటర్నరీ డాక్టరుకి మోకాళ్ళూ మడమ కీళ్ళూ చూపించండి. నొప్పి ఉన్న గుర్రానికి కర్రలు నేర్పకూడదు.

సాధనకి మొదట ఒకే ఒక్క కర్ర. దాని మీదుగా లోప్‌లో, రెండు వైపుల నుంచీ, అంగ చెడకుండా, దగ్గరగా కాకుండా దూరంగా కాకుండా వచ్చేదాకా. అది వచ్చాక రెండోది. వారానికి రెండు రోజులు, ఒక్కో రోజు ఇరవై నిమిషాలు దాటకుండా. కర్రలెత్తి దాటడం తొడ కండరాలకి బరువు పని. అలిసిన గుర్రం తన్నుతుంది, తన్నింది కదా అని మీరు ఇంకోసారి చేయిస్తారు, అది ఇంకా అలుస్తుంది. ఎత్తు పెట్టిన కర్రల జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. వాటికీ హద్దుంది, నడకలో 12 అంగుళాలు, జాగ్‌లో లోప్‌లో 8.

మా గుర్రం మే నెలలో పుట్టింది. ఇంకా ఆరు నిండలేదు. జనవరి పోటీలో పగ్గం రెండు చేతులతో పట్టుకోవచ్చా?
— ఒక పాఠకుడు, డెంటన్

కుదరదు. సంఘం లెక్కలో గుర్రాలన్నిటికీ పుట్టినరోజు జనవరి 1నే. ఐదు, అంతకు తక్కువ వయసువైతే స్నాఫిల్ కళ్ళెంతోనో (పగ్గం నేరుగా నోటినే లాగే మెత్తని కళ్ళెం) హాకమోర్‌తోనో (నోట్లో ఇనుము లేకుండా ముక్కు మీద ఉండే పట్టీ) రెండు చేతులా పట్టొచ్చు. ఆరులో పడితే కర్బ్ కళ్ళెం (దవడ కింద పట్టీ బిగిసే కళ్ళెం), ఒంటి చెయ్యి. గేటు లాంటి అడ్డంకి పని కోసం తప్ప మధ్యలో చెయ్యి మారిస్తే ఆ రోజు సున్నాయే. అందుకే ఆ మార్పు డిసెంబరులో మొదలుపెట్టకండి. వేసవి నుంచే రోజూ కాసేపు ఒంటి చేత్తో నడపండి. పగ్గం మెడకి ఆనగానే తిరగడం అలవాటు కావడానికి నెలలు పడుతుంది.

నీలం టార్పాలిన్ కానీ, చెక్క వంతెన కానీ కనిపిస్తే మా ఆడగుర్రం గడ్డకట్టుకుపోతుంది. పులుల మధ్య పడేసినట్టు చూస్తుంది. వంతెన చప్పుడు ఇంకా భయం. ముందుకు తోస్తే పక్కకి దూకుతుంది.
— ఒక దంపతులు, కేటీ

తోయకండి. దాని దృష్టిలో అది నిజంగా పులే కావచ్చు. గుర్రాలకి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలీదు, నీలం పసుపు బాగా తెలుస్తాయి. మట్టి రంగు మైదానంలో నీలం పట్టా దానికి మనకన్నా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. వంతెనకి బోలు చప్పుడు మరో కారణం. కాలు పెట్టిన చోట నేల పలికితే, కింద గుంట ఉందనే గుర్రం అనుకుంటుంది. ఆ అనుమానం వల్లే గుర్రాల జాతి ఇన్నివేల ఏళ్ళు బతికింది, దాన్ని తప్పు పట్టి లాభం లేదు.

రెండింటినీ విడగొట్టండి. ముందు ముప్పావు అంగుళం మందం ప్లైవుడ్ షీటు ఒకటి నేల మీద సాదాగా పరచండి. చప్పుడుంటుంది, ఎత్తుండదు. మీరు కింద నిలబడి పొడుగు తాడుతో నడిపించండి. దగ్గరికెళ్ళి వాసన చూస్తే చాలు, వెనక్కి తీసుకొచ్చేయండి, అది వెనక్కి వెళ్దామనుకునే ముందే మీరు తీసుకురావాలి. కిటుకంతా అక్కడే ఉంది. తప్పించుకుంటే భయం గెలిచినట్టు, మీరు పిలిస్తే వచ్చినట్టు. తరవాత ఒక గిట్ట. తరవాత రెండు. రెండు గిట్టలు పెట్టి నిలబడి నెమ్మదిగా గాలి వదిలిన గుర్రానికి ఆ రోజు పాఠం చాలు.

జీను మీద చేసేటప్పుడు ముందుకు ఎంత వెళ్ళిందన్నది వదిలేయండి, తిన్నగా ఉందా అన్నదే చూడండి. ఎడమకి తిరగబోతే ఎడమ కాలు, కుడికి తిరగబోతే కుడి కాలు. ఎటూ తిరగకుండా నిలబడితే ఏమీ చేయొద్దు, దాన్ని చూడనివ్వండి. వెనక్కి నడిస్తే నడవనివ్వండి, మొహం మాత్రం వంతెన వైపే ఉండాలి. పోటీలో వంతెన వెడల్పు కనీసం 36 అంగుళాలు, పొడుగు 6 అడుగులు. ఒక గిట్ట పక్కకి జారితే 3, ఒకటికన్నా ఎక్కువ జారితే 5. మొదటి రెండు మొరాయింపులకీ 5 చొప్పున, మూడోసారి ఆగిపోతే సున్నా. అందుకని మొదటి పోటీకి వెళ్ళే ముందు కొత్త చోట్లలో, కొత్త వంతెనల మీద నడిపించండి. ఇంటి వంతెన మీద ఎన్నిసార్లు దాటినా అది ఇంటి వంతెనే. ఊగే వంతెన, నీళ్ళలో తేలే వస్తువులు, మంటలు, బతికున్న జంతువులు మాత్రం నియమాల్లో నిషేధం, వాటి గురించి బెంగ పెట్టుకోకండి.

ఎల్ ఆకారంలో వెనక్కి నడవడం మూల దగ్గర చెడిపోతోంది. చిట్కా ఉందా?
— కాలేజీ విద్యార్థిని, స్టిల్‌వాటర్

కర్రల మధ్య కనీస దూరం 28 అంగుళాలే, ఎత్తు పెడితే 30. గుర్రం వెడల్పు తీసేస్తే మిగిలేది అటూ ఇటూ నాలుగు వేళ్ళ మందం. కాబట్టి మూల దగ్గర వేగమే శత్రువు. నాలుగు అడుగుల వెడల్పుతో మొదలుపెట్టి, వారానికి రెండంగుళాలు దగ్గర చేస్తూ రండి. ప్రతి అడుగూ వేరుగా అడగండి: వెనక్కి ఒకటి, ఆగు. వెనక్కి ఒకటి, ఆగు. మూలకి వెనక కాళ్ళు రాగానే పూర్తిగా ఆపి, అప్పుడు పిర్రని తిప్పి, మళ్ళీ ఆపి, తరవాత వెనక్కి. వెనక్కి కన్నుతో మాత్రమే చూడండి, భుజం మొత్తం తిప్పకండి. మీ నడుము తిరిగితే గుర్రం పక్కకి వెళ్ళమన్నారనుకుంటుంది.

బాగా చేసినప్పుడు మెడ మీద తట్టొచ్చా? బెల్లం ముక్క పెట్టొచ్చా?
— ఏడో తరగతి పాప, ఇర్వింగ్

ఇంట్లో తట్టు తల్లీ, ఎన్నిసార్లైనా. బెల్లం కూడా అప్పుడప్పుడు చిన్న ముక్క, అరచెయ్యి చాపి, వేళ్ళు ముడవకుండా. పోటీలో మాత్రం బయటికొచ్చేదాకా చేతులు అదుపులో పెట్టుకో. కోర్సు మధ్యలో ఖాళీ చేత్తో మెచ్చుకున్నా, బెదిరించినా 5 పోతాయి.

అక్కా, మొయినాబాద్ దగ్గర మాకు చిన్న ఫారమ్ ఉంది. మలక్‌పేటలో పరిగెత్తి రిటైరైన థరోబ్రెడ్‌ని తెచ్చుకున్నాం. ఏడేళ్ళు, మంచి బుద్ధి. ఇక్కడ ట్రెయిల్ క్లాసు పోటీలేవీ మాకు తెలీదు, కానీ వీడియోలు చూసి కర్రలు పరిచాం. ప్రతిసారీ తట్టుకుని పడబోతున్నాడు. పగ్గం లాగితే ఇంకా వేగం పెంచుతున్నాడు. ఈ జాతికి ఇది రాదా?
— ఇద్దరు అన్నదమ్ములు

వస్తుంది. మీరు కొలత తప్పు జాతిది తీసుకున్నారు. ఆ వీడియోల్లోవి క్వార్టర్ హార్సులు. పొట్టి అంగ, కింద కింద పోయే జాగ్. మీది పొడుగు కాళ్ళ పందెపు గుర్రం. దాని ట్రాట్‌కి (జాగ్ లాంటిదే, అంగ పెద్దది) 3 అడుగులు పెడితే ప్రతి అంగలోనూ ఒక కర్ర కాళ్ళ కింద పడుతుంది. ట్రాట్‌కి 4 నుంచి 4½ అడుగులు పెట్టండి, నడకకి 2½ నుంచి 3 అడుగులు. లోప్ అంటే మీ గుర్రానికి క్యాంటర్, 9 అడుగుల కన్నా తగ్గించొద్దు, అసలు అది వచ్చే ఏడాది మాట. పోటీ లేదు కాబట్టి పోటీ కొలతలతో పని లేదు. గుర్రానికి సరిపోయినదే కొలత.

పగ్గం లాగితే వేగం పెంచడం దాని పొగరు కాదు, చదువు. పందెంలో జాకీ పగ్గం బిగించి పట్టుకుంటే గుర్రం ఆ చేతుల మీద ఆని పరిగెడుతుంది. ఏళ్ళ తరబడి దానికి బిగుతు అంటే పరుగే. కాబట్టి ఆపడానికి లాగడం మానేయండి. నడకలో, కూర్చునే తీరుతో ఆపడం నేర్పండి: ఊపిరి వదిలి, నడుము కదలిక ఆపి, ఒక వేలితో పగ్గాన్ని తాకి, తగ్గిన మరుక్షణం వదిలేయడం. ఇది వచ్చేదాకా కర్రలు పక్కన పెట్టండి. తొందరలో ఉన్న గుర్రాన్ని కర్రల మీదకి తోలితే కర్రలే దానికి తొందర నేర్పుతాయి.

సామాను సంగతి చెబుతాను, అక్కడ ఇక్కడికన్నా చవగ్గా దొరుకుతుంది. సరుగుడు వాసాలు తీసుకోండి, పదడుగులవి, పిక్క లావున ఉన్నవి. బెరడు తీసి, కొమ్మల మొనలు నునుపుగా చెక్కించండి. పీవీసీ గొట్టాలు అసలు వద్దు, ఇక్కడి నియమాల్లోనూ వాటికి చోటు లేదు. తేలిక, పగిలితే కత్తిలా కోస్తాయి. గుండ్రటి వాసం గిట్ట కింద దొర్లితే గుర్రం కాలు మెలిక పడుతుంది. అందుకని వడ్రంగి చేత చిన్న చెక్క దిమ్మలకి పైన గుంట తీయించి, వాసం రెండు చివర్లూ వాటిలో కూర్చోబెట్టండి. అదీ కుదరకపోతే రెండు పక్కలా ఇసుక సంచులు. వంతెనకి మిల్లులో రెండంగుళాల పలకలు కోయించండి. కింద అడ్డ దూలాలు దగ్గర దగ్గరగా వేయించి, మేకు తలలు పూర్తిగా లోపలికి దిగాయో లేదో చేత్తో తడిమి చూసుకోండి. నాలుగైదు వందల కిలోల జంతువు ఒక్కోసారి మొత్తం బరువు రెండు కాళ్ళ మీద పెడుతుంది.

గేటు మీ ఫారమ్‌కి ఎలాగూ ఉండే ఉంటుంది. రోజూ బయటికెళ్ళేటప్పుడు దిగి తీస్తున్నారా? రేపటి నుంచి దిగకండి. తొందర లేని పొద్దున ఎంచుకుని, పైన ప్రాస్పర్ తల్లికి చెప్పిన పద్ధతిలోనే మొదలుపెట్టండి. అన్నదమ్ములిద్దరున్నారు కాబట్టి ఒకరు ఎక్కితే ఇంకొకరు గేటు ఊగిపోకుండా అవతల పట్టుకోవచ్చు, ఆ సౌకర్యం ఇక్కడ నాకు లేదు. వర్షాలు మొదలయ్యాక నల్లరేగడి జారుతుంది, ఆ నెలల్లో కర్రలు ఎత్తేసి నడక, ఆగడం, పక్కకి అడుగులు మాత్రమే చేయించండి. దసరా నాటికి నేల గట్టిపడుతుంది. అప్పుడు ఒకే ఒక్క వాసం వేసి, నడకలో దాటించి, వీడియో తీసి పంపండి, అంగ చూసి మిగతా దూరాలు చెబుతాను.